‘వచ్చినప్పుడు’, ‘రాగానే’, ‘వచ్చేసరికి’: ఇంగ్లీషులో ఎలా రాయాలి?

“మాస్టారూ, వెన్ పక్కన విల్ రాయకూడదని మీరే చెప్పారు. మరి మా ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయేమిటి?” విశాఖపట్నం మద్దిలపాలెంలో మా ఇంటి కింద జిరాక్స్ కొట్టు దగ్గర నిలబడితే చాలు, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. అడిగేది ఒక్కరు కాదు. ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసే కుర్రాడు అడుగుతాడు, నర్సింగ్ చదివే అమ్మాయి అడుగుతుంది, నోటీసు రాయబోతూ అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి అడుగుతారు. విడివిడిగా చెప్పీ చెప్పీ గొంతు ఎండిపోయింది. అందుకని ఇలా ఒక్కచోట రాసి పెడుతున్నాను. ఆ మెయిల్ తప్పో కాదో మూడో మెట్టులో చెబుతాను.

ముందుగా ఒక మాట. ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. మీ నోటు పుస్తకంలో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. ఆ కాస్త శ్రమ మీరు పడితేనే వాక్యం చేతికి అలవాటవుతుంది.

కావలసినవి

ఒక రూళ్ళ పుస్తకం, పెన్సిలు, ఓ అరగంట తీరిక. వీటితో పాటు మీ ఫోనులోంచి మీరు ఇంగ్లీషులో పంపిన చివరి పది సందేశాలు కావాలి. సెలవు చీటీ, బ్యాంకుకు రాసిన లేఖ, మేనేజరుకు పెట్టిన మెయిల్, ఏదైనా ఫరవాలేదు. వ్యాకరణ పుస్తకం అక్కర్లేదు. పదో తరగతిలో చదివిన క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం గుర్తుంటే మంచిదే. లేకపోయినా పని ఆగదు.

1. ముందు తెలుగులో రాయండి, తోక పట్టుకోండి

‘ఇంగ్లీషులోనే ఆలోచించండి’ అని చాలామంది సలహా ఇస్తారు. ఈ విషయంలో నేను దానికి వ్యతిరేకిని. తెలుగులో కాలం చెప్పే ముక్క క్రియకు తోకలా అంటుకుని ఉంటుంది. వచ్చి‘నప్పుడు’, రా‘గానే’, వచ్చే‘వరకు’. ఇంగ్లీషులో అదే ముక్క విడి మాటగా మారి ఆ వాక్యభాగానికి తలలా ముందు నిలబడుతుంది. తోక ఏదో తేలితే తల ఏదో దానంతట అదే తేలుతుంది. అందుకే తెలుగు వాక్యం రాసి తోక కింద గీత గీయండి. తర్వాత ఈ జాబితా చూడండి.

- వచ్చినప్పుడు: వెన్
- వస్తుండగా, వస్తున్నప్పుడు: వైల్
- రాగానే: యాజ్ సూన్ యాజ్ (కొంచెం తొందర ధ్వనించాలంటే ద మోమెంట్)
- వచ్చాక, వచ్చిన తర్వాత: ఆఫ్టర్ (ఒక పని ముగిస్తేనే మరొకటి మొదలవుతుందంటే వన్స్)
- రాకముందు, వచ్చే ముందు: బిఫోర్
- వచ్చే వరకు, వచ్చేదాకా: అంటిల్, టిల్
- వచ్చినప్పటి నుంచి: సిన్స్
- వచ్చేసరికి: బై ద టైమ్
- వచ్చినప్పుడల్లా: వెనెవర్

తోక ‘-ఇ’ అయితే, అంటే ‘టిఫిన్ తిని బయలుదేరాను’ వంటి క్త్వార్థకమైతే, కంగారు పడి ఆఫ్టర్ కోసం వెతకవద్దు. చాలాసార్లు అండ్ సరిపోతుంది: “ఐ ఏట్ బ్రేక్‌ఫాస్ట్ అండ్ లెఫ్ట్.”

2. తల పెట్టాక కర్తను కూర్చోబెట్టండి

‘దువ్వాడ చేరగానే ఫోను చేస్తాను’ అన్నప్పుడు చేరేది ఎవరో మనం చెప్పం, చెప్పనవసరమూ లేదు. ఆ అలవాటే ఇంగ్లీషులోకి జారుతుంది.

తప్పు: “యాజ్ సూన్ యాజ్ రీచ్ దువ్వాడ, ఐ విల్ కాల్ యు.”
ఒప్పు: “యాజ్ సూన్ యాజ్ ఐ రీచ్ దువ్వాడ, ఐ విల్ కాల్ యు.”

తల పక్కన వెంటనే ఒక ఐ, హి, వి, లేదా ఒక పేరు ఉండాలి. కర్త లేకుండా రాయాలంటే క్రియ ‘ఇంగ్’ రూపంలోకి మారాలి: “ఆఫ్టర్ రీచింగ్ దువ్వాడ, ఐ విల్ కాల్ యు.” ఇది సరైన వాక్యమే. అయితే చేరేదీ, ఫోను చేసేదీ ఒకరే కావాలి.

హెచ్చరిక: ఇద్దరు వేరైనప్పుడు ఈ ‘ఇంగ్’ రూపం కొంప ముంచుతుంది. ‘రోడ్డు దాటుతుండగా బైకు గుద్దింది’ అంటే దాటింది మనిషని ఏ తెలుగువాడికైనా తెలుసు. దాన్నే “వైల్ క్రాసింగ్ ద రోడ్, ఎ బైక్ హిట్ మి” అని రాస్తే, ఇంగ్లీషు లెక్క ప్రకారం రోడ్డు దాటింది బైకు. స్నేహితుడికి పంపే సందేశంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. బీమా దరఖాస్తులో మాత్రం ప్రతి మాటకూ లెక్క ఉంటుంది. అక్కడ నిండుగా రాయండి: “వైల్ ఐ వాజ్ క్రాసింగ్ ద రోడ్, ఎ బైక్ హిట్ మి.”

ఇక్కడే ఇంకో చిన్న తప్పు. తల పెట్టాక కూడా తోక వదలబుద్ధి కాక కొందరు “ఆఫ్టర్ ఐ ఈట్, దెన్ ఐ విల్ కమ్” అనీ, “యాజ్ సూన్ యాజ్ ఐ రీచ్, ఇమ్మీడియట్లీ ఐ విల్ కాల్” అనీ రాస్తారు. ‘రాగానే వెంటనే’ అన్నట్టు. దెన్ తీసేయండి, ఇమ్మీడియట్లీ కూడా తీసేయండి.

3. రేపటి మాటయితే విల్ ఒక్కచోటే

ఎక్కువమంది జారిపడే మెట్టు ఇదే. కాస్త నిదానంగా చదవండి.

తప్పు: “వెన్ ఐ విల్ రీచ్ గాజువాక, ఐ విల్ కాల్ యు.”
ఒప్పు: “వెన్ ఐ రీచ్ గాజువాక, ఐ విల్ కాల్ యు.”

జరగబోయే సంగతికి విల్ లేకపోవడమేమిటని అడుగుతారు. మన భాషనే చూడండి. ‘రేపు మీరు వచ్చినప్పుడు డబ్బు ఇస్తాను.’ రావడం రేపే, అయినా ‘వచ్చిన’ అంటున్నాం. అది జరిగిపోయినదానికి వాడే రూపం. ఆ ముక్కలో భవిష్యత్తును మనమూ చెప్పం, చివరి క్రియ ‘ఇస్తాను’ మీద భారం వేసి ఊరుకుంటాం. ఇంగ్లీషూ అదే చేస్తుంది. కాకపోతే మనం ‘వచ్చిన’ అనేచోట అది మామూలు వర్తమానం వాడుతుంది. బిఫోర్, ఆఫ్టర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, బై ద టైమ్, వన్స్, అన్నింటికీ ఇదే పద్ధతి. పని పూర్తిగా అయిపోవాలని నొక్కి చెప్పాలంటే హ్యావ్ చేర్చండి: “కాల్ మి వెన్ యు హ్యావ్ ఫినిష్డ్ ద రిపోర్ట్.”

ఇప్పుడు ఆ మెయిల్ సంగతి. అందులో ఉన్న వాక్యం దాదాపు ఇది: “ప్లీజ్ టెల్ అజ్ వెన్ యు విల్ జాయిన్.” ఇది తప్పు కాదు. ఎందుకంటే ఇక్కడి వెన్‌కు తెలుగు ‘చేరినప్పుడు’ కాదు, ‘ఎప్పుడు చేరతారో’. అది ప్రశ్న మాట. కాబట్టి రాసిన వాక్యాన్ని తెలుగులోకి తిప్పి చూడండి. ‘అప్పుడు’ వస్తే విల్ కూడదు, ‘ఎప్పుడు’ వస్తే విల్ ఉండవచ్చు.

“టెల్ మి వెన్ యు విల్ కమ్.” ఎప్పుడు వస్తారో చెప్పండి. తేదీ అడుగుతున్నాం.
“టెల్ మి వెన్ యు కమ్.” మామూలుగా చదివితే, వచ్చినప్పుడు చెప్పండి. ముందుగా తేదీ చెప్పనక్కర్లేదు.

ఒక్క విల్ తేడాతో అడిగింది మారిపోయింది. ఇదొక్కటి పట్టుబడితే ఈ వ్యాసంలో సగం మీకు వచ్చేసినట్టే.

4. ‘వస్తే’ అనే తోకతో జాగ్రత్త

జాబితాలో దీన్ని కావాలనే పెట్టలేదు. ‘నాన్న వస్తే చెబుతాను’ అన్నప్పుడు నాన్న వస్తారో రారో అన్న అనుమానం ఉండవచ్చు, రావడం ఖాయమే కూడా కావచ్చు. చేదర్థకం రెండు బరువులూ మోస్తుంది. ఇంగ్లీషులో ఆ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. అనుమానానికి ఇఫ్, ఖాయానికి వెన్.

మా మేనల్లుడు ఒక కంపెనీకి “ఇఫ్ ఐ కంప్లీట్ మై డిగ్రీ, ఐ విల్ జాయిన్” అని రాశాడు. వాడి మనసులో ఉన్నది ‘డిగ్రీ అయితే చేరతాను’, అంటే మేలో అయిపోగానే అని. అవతలివారు మాత్రం డిగ్రీ పూర్తవడం అనుమానమా అని తిరిగి అడిగారు. మళ్ళీ మెయిల్, మళ్ళీ సంజాయిషీ. వెన్ అని రాసి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

పరీక్ష సులువే. తెలుగు వాక్యం ముందు ‘ఒకవేళ’ పెట్టి చదవండి. నప్పితే ఇఫ్, నప్పకపోతే వెన్. ‘ఒకవేళ తెల్లవారితే పాలవాడు వస్తాడు’ అని ఎవరూ అనరు కదా.

5. ‘కముందు’, ‘వరకు’: దొంగ నాట్‌ను బయటికి పంపండి

‘రాకముందు’ అనే మాటలో ఒక ‘రాక’ ఉంది, అంటే ‘రాకుండా’. ఆ కాదనడం మన చెవికి వినిపించదు కానీ చేతికి వినిపిస్తుంది. చెయ్యి రాసేస్తుంది:

తప్పు: “బిఫోర్ ద వాటర్ డిడ్ నాట్ కమ్, వి క్లీన్డ్ ద ట్యాంక్.”
ఒప్పు: “బిఫోర్ ద వాటర్ కేమ్, వి క్లీన్డ్ ద ట్యాంక్.”

‘నేను రానంత వరకు గేటు తీయవద్దు’ అన్నప్పుడూ అంతే. అంటిల్ ఉన్న ముక్కలో నాట్ పెట్టవద్దు, అది గేటు తీయవద్దన్న వైపునే ఉంటే చాలు: “డు నాట్ ఓపెన్ ద గేట్ అంటిల్ ఐ కమ్.” అన్నట్టు, ఇంగ్లీషు స్పెల్లింగులో అంటిల్ చివర ఒక్క ఎల్, టిల్ చివర రెండు. నోటీసు బోర్డుల మీద రోజూ కనిపించే తప్పు ఇది.

తర్వాతి చిక్కు ‘వరకు’, ‘కల్లా’. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసకట్టి నిలిచి ఉంటాయి. దాన్ని ఇలా రాయాలి: “ద బోట్స్ స్టే ఇన్ ద హార్బర్ అంటిల్ ద బ్యాన్ ఎండ్స్.” అన్ని రోజులూ సాగుతూ ఉన్న స్థితి కాబట్టి అంటిల్. ‘నిషేధం ముగిసేసరికి వలలు బాగుచేసుకుంటారు’ అంటే ఆ గడువులోపు ఎప్పుడో ఒకప్పుడు ముగించే పని. దానికి బై ద టైమ్: “దె విల్ రిపేర్ దెయిర్ నెట్స్ బై ద టైమ్ ద బ్యాన్ ఎండ్స్.” తేదీ ఒక్కటే ఉంటే ఉత్త బై చాలు. ‘సోమవారం కల్లా ఇస్తాను’కు బై మండే. దాని బదులు అంటిల్ మండే అని రాస్తే సోమవారం దాకా ఇస్తూనే ఉంటారని అర్థం.

6. ‘వచ్చేసరికి’, ‘వచ్చినప్పటి నుంచి’: ఎక్కడ హ్యాడ్, ఎక్కడ హ్యావ్

‘మేము స్టేషన్‌కు వెళ్ళేసరికి గోదావరి ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది.’ విశాఖలో ఈ మాట ఒక్కసారైనా అనని కుటుంబం ఉంటుందా!

“బై ద టైమ్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్.”

హ్యాడ్ తీసేసి, వెన్ పెట్టి, “వెన్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ లెఫ్ట్” అంటే, మీరు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే రైలు కదిలిందని అర్థం. ఆ రైలు మీ కళ్ళముందే వెళ్ళిందన్నమాట.

హెచ్చరిక: హ్యాడ్ రుచి మరిగినవారు ప్రతి వాక్యంలోనూ దాన్ని చల్లుతారు. ఆఫ్టర్, బిఫోర్ ఉన్నచోట ఏది ముందో ఏది వెనకో ఆ మాటే చెబుతుంది. “ఆఫ్టర్ ద నేవీ రిటైర్డ్ కురుసుర ఇన్ 2001, ఇట్ బికేమ్ ఎ మ్యూజియమ్ ఆన్ బీచ్ రోడ్.” ఇందులో ఒక్క హ్యాడ్ లేదు. కురుసుర అనే ఆ జలాంతర్గామి ఒడ్డుకెక్కిన వరసలో మాత్రం ఏ అయోమయమూ లేదు.

ఇక సిన్స్. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న నగరాన్ని కొట్టింది. అప్పుడు ఇల్లు మారినవారు ఇప్పటికీ ఆ లెక్కే చెబుతారు: ‘హుద్‌హుద్ వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉంటున్నాం.’

తప్పు: “వి ఆర్ లివింగ్ హియర్ సిన్స్ హుద్‌హుద్ కేమ్.”
ఒప్పు: “వి హ్యావ్ లివ్డ్ హియర్ సిన్స్ హుద్‌హుద్ కేమ్.”

‘ఉంటున్నాం’ అన్న మన మాట ఆర్ లివింగ్ వైపు లాగుతుంది. సిన్స్ ఉన్న ముక్కలో తుపాను ఎప్పుడో వచ్చి వెళ్ళింది కాబట్టి కేమ్. నేటికీ సాగుతున్న నివాసానికి హ్యావ్. సిన్స్‌కు ‘కాబట్టి’ అనే అర్థమూ ఉంది. లేఖలో ఏ అర్థమో తేలనప్పుడు, కారణం చెప్పేచోట బికాజ్ వాడి తప్పించుకోండి.

7. కామా, చుక్క

కాలం చెప్పే ముక్క ముందుంటే దాని తర్వాత కామా పెట్టండి. వెనకుంటే మామూలుగా అక్కర్లేదు. ఆ ముక్క ఒక్కటే రాసి చుక్క పెట్టవద్దు. “వెన్ ఐ వాజ్ ఇన్ గాజువాక.” అని ఆపితే చదివేవారు ‘ఊఁ, తర్వాత?’ అంటారు.

తెలుగులో కాలం ముక్క దాదాపు ఎప్పుడూ ముందే ఉంటుంది. ఇంగ్లీషులో ఎటైనా ఉండవచ్చు. పని సందేశాల్లో అసలు కబురు ముందు, కాలం ముక్క వెనక పెట్టడమే మేలని నా అభిప్రాయం. సూపర్‌వైజరు ఫోను తెరమీద మొదటి వరసే చూసి జేబులో పెట్టుకుంటారు. ఆ వరసలో “ఐ విల్ బి లేట్” కనిపించాలి, అమ్మగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళిన కథ కాదు.

సరిచూసుకోవడం ఎలా

ఇప్పుడు ఆ పది సందేశాలు బయటికి తీయండి. కాలం చెప్పే ముక్కను వేలితో మూసి మిగిలినది చదవండి. అది తనంతట తాను నిలబడాలి, లేకపోతే అసలు వాక్యమే రాయలేదన్నమాట. తర్వాత రెండు ముక్కల చోట్లు మార్చి చదవండి. అర్థం మారకూడదు, కామా మాత్రం మారాలి. ఆ తర్వాత ప్రతి వాక్యంలోనూ విల్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రెండు కనిపిస్తే ఆగి మూడో మెట్టుకు వెళ్ళండి.

అన్నింటికంటే గట్టి పరీక్ష ఇంకొకటి. మీ ఇంగ్లీషు వాక్యం ఇంట్లో మరొకరికి ఇచ్చి తెలుగులో చెప్పమనండి. మీరు గీత గీసిన తోకే తిరిగి రావాలి. ‘రాగానే’ అని మొదలుపెట్టింది ‘వస్తే’ అయి తిరిగొస్తే, తప్పు చదివినవారిది కాదు.

మూడు వాక్యాలు రాసి చూడండి

జవాబులు కిందే ఉన్నాయి. ముందు చెయ్యి అడ్డం పెట్టుకోండి.

అ. అనకాపల్లి దాటాక ఫోను చేస్తాను.
ఆ. మేము ఆర్కే బీచ్‌కు వెళ్ళేసరికి వాన ఆగిపోయింది.
ఇ. మీరు ఎప్పుడు అరకు వెళ్తారో చెబితే టికెట్లు తీస్తాను.

జవాబులు:

అ. “ఐ విల్ కాల్ యు ఆఫ్టర్ ఐ క్రాస్ అనకాపల్లి.” దాటే ముక్కలో విల్ లేదు, దాటే మనిషి ఉన్నాడు.

ఆ. “బై ద టైమ్ వి రీచ్డ్ ఆర్కే బీచ్, ద రెయిన్ హ్యాడ్ స్టాప్డ్.” ఆఫ్టర్‌తోనూ చెప్పవచ్చు, కానీ వాక్యం తిరగబడుతుంది: “వి రీచ్డ్ ఆర్కే బీచ్ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్.”

ఇ. “ఇఫ్ యు టెల్ మి వెన్ యు విల్ గో టు అరకు, ఐ విల్ బుక్ ద టికెట్స్.” ఇక్కడ రెండు విల్‌లు ఉన్నాయి, వాక్యం మాత్రం సరైనదే. మీరు మొదటి విల్ కొట్టేసి ఉంటే ‘ఎప్పుడు’ అన్న మాట కింద గీత గీసి, మూడో మెట్టు చివరి భాగం మళ్ళీ చదవండి.